రాతప్రతి నుంచి పుస్తకం దాకా: సంతకం పెట్టే ముందు తెలుసుకోవలసినవి



ఉపకారవేతనంతో చదువుకునే పిల్లల్లో కథలు, కవితలు రాసేవారు కూడా ఉంటారు. రాయడం మంచి అలవాటు. అయితే "మీ పుస్తకం మేము అచ్చు వేస్తాం, ఇంత సొమ్ము కట్టండి" అనే ప్రకటనలు ఇప్పుడు నేరుగా ఫోనుకే వస్తున్నాయి. కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు అలాంటి చోట కట్టే ముందు ఈ వ్యాసం ఒకసారి చదవండి. ఇందులోని ముఖ్య విషయం ఒక్కటే: మీరు రాసినది మీ ఆస్తి. ఆస్తి కాగితాలు ఎంత జాగ్రత్తగా చూస్తామో దీన్నీ అలాగే చూడాలి.

1. తిరుత్తణి నుంచి లండన్ దాకా

మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఉపకారవేతనాలతోనే చదువుకున్నారు. మదరాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. కోసం వేదాంత నీతి మీద రాసిన పరిశోధన వ్యాసం 1908లో మదరాసులోనే పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 20 ఏళ్ళు. తర్వాత ఆయన విదేశీ పత్రికలకు వ్యాసాలు పంపారు. 1914లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎథిక్స్ అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 1918లో రవీంద్రనాథ్ ఠాగూర్ తత్త్వం మీద ఆయన రాసిన పుస్తకాన్ని లండన్‌లోని మాక్మిలన్ సంస్థ ప్రచురించింది. ఆ తర్వాత మ్యూర్‌హెడ్ అనే ఆచార్యుడు తాను సంపాదకత్వం వహించే గ్రంథమాలకు భారతీయ తత్త్వశాస్త్రం మీద రాయమని తానే అడిగారు. ఆ గ్రంథం మొదటి సంపుటం 1923లో, రెండవది 1927లో జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ ద్వారా వెలువడ్డాయి.

ఈ వరుస గమనించండి. ముందు చిన్న పుస్తకం, తర్వాత పత్రికల్లో వ్యాసాలు, ఆ తర్వాతే పెద్ద గ్రంథం. మొదటి కథ రాయగానే పుస్తకం వేయించాలని తొందరపడనక్కరలేదు. ఆదివారం అనుబంధాల్లో, మాసపత్రికల్లో నాలుగు రచనలు వచ్చిన తర్వాత ప్రచురణకర్త దగ్గరకు వెళ్తే మీ మాటకు విలువ ఉంటుంది.

2. ఏజెంటు అంటే ఎవరు?

ఇంగ్లీషు పుస్తకాల లోకంలో రచయితకు, ప్రచురణకర్తకు మధ్య లిటరరీ ఏజెంటు ఉంటాడు. రాతప్రతి చదివి, నచ్చితే ప్రచురణకర్తకు చూపించి, ఒప్పందం మాట్లాడతాడు. రచయితకు వచ్చే సొమ్ములో సాధారణంగా 15 శాతం కమీషన్ తీసుకుంటాడు. రచయితకు సొమ్ము వస్తేనే అతనికీ వస్తుంది. కాబట్టి "చదివి చూడడానికి ఫీజు" అని ముందే అడిగేవాణ్ణి ఏజెంటు అని నమ్మవద్దు.

తెలుగులో ఈ పద్ధతి పాతుకోలేదు. ఇక్కడ రచయితే నేరుగా సంపాదకుడికో, ప్రచురణకర్తకో పంపుకుంటాడు. ఇంగ్లీషులో కూడా పరిచయమే దారి చూపిన సందర్భాలు ఉన్నాయి. మదరాసులో పుట్టిన ఆర్.కె. నారాయణ్ మొదటి నవలను ఇంగ్లండులో చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. అక్కడున్న స్నేహితుడు దాన్ని గ్రాహం గ్రీన్ అనే రచయితకు చూపించగా, ఆయన సిఫారసు మీద 1935లో అచ్చయింది. తిరిగి వచ్చిన రాతప్రతి పనికిరాని రాతప్రతి కాదని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

3. పంపే పద్ధతి

ముందు ఆ పత్రిక సంచికలు రెండు మూడు చదవండి. వాళ్ళు ఎలాంటి కథలు వేస్తున్నారో, ఎంత నిడివి అడుగుతున్నారో చూడండి. కథతో పాటు ఒక పేజీకి మించని ఉత్తరం పెట్టండి. అందులో రచన పేరు, ఎన్ని పదాలు, విషయం రెండు మూడు వాక్యాల్లో, మీ పేరు, చిరునామా, ఫోను నెంబరు ఉండాలి. "ఇది నా స్వంత రచన, అనువాదం గాని అనుకరణ గాని కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని హామీపత్రం జతచేయండి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈమెయిలులో పంపడం సులభం. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు రసీదు దాచండి. ఏది పంపినా ఒక నకలు మీ దగ్గర ఉండాలి. ఏ తేదీన ఎక్కడికి పంపారో, ఏమి జవాబు వచ్చిందో ఒక నోటుబుక్కులో పద్దులాగా రాసుకోండి.

తమిళం బడిలోనూ తెలుగు ఇంట్లోనూ నేర్చిన మన పిల్లలకు అనువాదం మంచి దారి. కాని అనువదించే హక్కు మూల రచయితది. ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే అచ్చుకు పంపాలి.

4. డబ్బు లెక్క

ఒక సంస్థ మీ దగ్గర 30,000 రూపాయలు తీసుకుని, 150 రూపాయల పుస్తకం మీద 10 శాతం రాయల్టీ ఇస్తానన్నదనుకోండి. ఒక కాపీకి 15 రూపాయలు. పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే 2,000 కాపీలు అమ్మాలి. కొత్త విద్యార్థి రచయితకు ఇది ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

అదే సొమ్ములో మీరే ప్రెస్సుకు వెళ్ళి, కాపీ 70 రూపాయల చొప్పున 300 కాపీలు వేయించారనుకుందాం. ఖర్చు 21,000. షాపుకు 40 శాతం కమీషన్ ఇస్తే కాపీకి 90 రూపాయలు చేతికి వస్తాయి. 234 కాపీలు అమ్మితే పెట్టుబడి వచ్చేస్తుంది. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీరు ఇలాగే కాగితం మీద వేసుకుని చూడండి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తప్పు కాదు, తెలుగులో ఎంతోమంది అలాగే వేసుకున్నారు. అప్పుడు ప్రచురణకర్త మీరే, కాపీలూ మీవే, హక్కులూ మీవే. డబ్బు మీది, హక్కు మరొకరిది అయితేనే నష్టం.

సొంతంగా వేసుకునేవారికి ఐ.ఎస్.బి.ఎన్. నెంబరు మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దానికి ఎవరికీ రుసుము కట్టవద్దు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ప్రచురణకర్త కాపీలు పంపాలి. ఆ మూడింటిలో ఒకటి చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా. తామరైపాక్కం నుంచి ఒక పూటలో వెళ్ళి ఇచ్చి రావచ్చు.

5. ఒప్పందం చదివే విధానం

1957 కాపీరైటు చట్టం ప్రకారం, రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. దాన్ని మరొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. కాని "సర్వహక్కులు శాశ్వతంగా" అని కాగితంలో ఉండి మీరు సంతకం చేస్తే ఈ రక్షణ పోతుంది. అందుకని నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: హక్కు ఏ భాషకు, ఎన్నేళ్ళకు, రాయల్టీ ఎంత శాతం, అచ్చు ధర మీదనా వచ్చిన సొమ్ము మీదనా, లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు చూపిస్తారు, పుస్తకం అయిపోయి మళ్ళీ వేయకపోతే హక్కు తిరిగి ఎప్పుడు వస్తుంది.

18 ఏళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. వారి తరఫున తల్లిదండ్రులే చదివి సంతకం చేయాలి. బ్యాంకులో ఏ కాగితమైనా ఖాళీలు నింపకుండా సంతకం తీసుకోకూడదంటారు. ఇక్కడా అదే పద్ధతి పాటించండి.

6. ఖర్చు లేని దారులు

నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా 30 ఏళ్ళ లోపు రచయితలకు కేంద్ర ప్రభుత్వ యువ రచయితల పథకం 2021, 2022, 2025లలో ప్రకటించారు. ఎంపికైనవారికి 6 నెలల పాటు నెలకు 50,000 రూపాయలు, పుస్తకం వెలువడితే 10 శాతం రాయల్టీ. తెలుగులో కూడా రాయవచ్చు. మళ్ళీ ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చేయండి. సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్ళ లోపువారికి యువ పురస్కారం కింద 50,000 రూపాయలు ఇస్తోంది. అందులో తెలుగుకూ స్థానం ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు రాస్తే వద్దనకండి, ఎవరో పొగిడారని డబ్బూ కట్టకండి. వాళ్ళ రాతను పత్రికకు పంపించండి. ఒప్పందం కాగితం ఇంటికి వస్తే, రెండు రోజులు ఉంచుకుని, తెలిసినవారికి చూపించి, ఆ తర్వాతే కలం తీయండి.