మెరుపు చదరంగం: అభ్యాసకుని శైలి, ప్రగతి

చదరంగంలో ఒక్కొక్క ఆటగానికి పది నిమిషాలు గాని, అంతకంటె తక్కువ గాని వ్యవధి ఉన్న ఆటను ‘బ్లిట్జ్’ అంటారు. జర్మను భాషలో ఆ మాటకు మెరుపు అని అర్థం. మూడు నిమిషాల వ్యవధిలో నలభై ఎత్తులు వేయవలసి వస్తే ఎత్తుకు నాలుగున్నర సెకండ్లు మాత్రమే దక్కుతాయి. నేడు అంతర్జాలంలో, ఏ దేశంలోనో ఉన్న ప్రత్యర్థితో, మన విద్యార్థి ఒక్క రాత్రిలో ఇరవై ఆటలు ఆడగలుగుతున్నాడు. ఇన్ని ఆటలు ఆడినవానికి ఆట వస్తున్నదా, లేక నిద్ర మాత్రమే పోతున్నదా? ఈ ప్రశ్నను మనం పరిశీలిద్దాం.

ఆలోచనకు వ్యవధి లేనప్పుడు మనిషి అలవాటైనదే చేస్తాడు. కనుక మెరుపు ఆటలో శైలి అంటే చాలావరకు అలవాట్ల మొత్తమే. ఎల్లప్పుడూ ఒకే ఆరంభం, మంత్రిని తొందరగా బయటికి తెచ్చి రాజుపై దాడి, ఓడే స్థితిలో ప్రత్యర్థి గడియారంపై ఆశ: ఇవి ప్రారంభదశలోని ఆటగాళ్లలో తరచుగా కనబడే లక్షణాలు. “నాది దాడిచేసే శైలి” అని చెప్పుకునే యువకుని ఆటలు పరిశీలిస్తే, మంత్రులు మార్పిడి అయిన పిదప ఏమి చేయాలో అతనికి తెలియదని తేలవచ్చు. అటువంటప్పుడు ఆ శైలి ధైర్యం కాదు, తెలియనిదానిని తప్పించుకోవడమే.

అలవాటు జ్ఞానంగా మారడం ఎట్లా? 1973లో ఛేజ్, సైమన్ అనే అమెరికన్ పరిశోధకులు చదరంగపు బల్లను ఐదు సెకండ్లు చూపి, పావులను జ్ఞాపకం మీద తిరిగి అమర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితిని నిష్ణాతుడు కొత్తవారికంటె ఎంతో బాగా అమర్చాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపినప్పుడు ఆ ఆధిక్యం నిలువలేదు. అనగా నిష్ణాతుని బలం పరిచిత స్థితులను గుర్తించడంలో ఉన్నది.

ఈ విషయం పూర్వులు ఎరుగనిది కాదు. 9, 10 శతాబ్దాలలో అల్‌అద్లీ, అస్సూలీ వంటి షత్రంజ్ నిష్ణాతులు కీలకమైన స్థితులను గ్రంథస్థం చేశారు. వాటి పేరు మన్సూబాలు. పథకమనే అర్థంలో ఉర్దూలో మనం వాడే మన్సూబా ఆ మాటే. నేటి ఆటనుండి ఒక ఉదాహరణ: ప్రత్యర్థికి రాజు ఒక్కటే మిగిలినప్పుడు, మన రాజు తన బంటుకు ముందుగా ఆరవ వరుసకు చేరితే, అంచుబంటు కానంతవరకు, ఎత్తు ఎవరిదైనా గెలుపు మనదే. ఇది ముందే తెలిసినవానికి చివరి పది సెకండ్లు చాలు.

ఇక ప్రగతిని కొలవడం. ఆచార్య ఆర్పాడ్ ఏలో రూపొందించిన గణనపద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఆ లెక్కలో 200 పాయింట్లు ఎక్కువ ఉన్న ఆటగానికి నూరు ఆటలలో సుమారు 76 పాయింట్లు రావాలి. అంతర్జాలంలో దానివంటి పద్ధతులనే అనుసరించి సమానబలం గలవారిని జతపరుస్తారు. అందుచేత ఎంత ఎదిగినా దాదాపు సగం ఆటలు ఓడుతూనే ఉంటాం. 900 నుండి 1100కు చేరినవాడు నిన్నటి తనను నాలుగింట మూడుసార్లు ఓడించగలడు, కాని ఆ ప్రత్యర్థి అతనికి ఎదురుపడడు. ఈ సంగతి తెలియక ఎందరో నిరాశపడతారు, ఓటమి తీర్చుకోవాలని మరొక ఆటకు దిగుతారు.

కనుక గెలుపులను లెక్కించడం మాని, ఓటముల కారణాలను లెక్కించాలి. రోజుకు ఐదారు ఆటలు చాలు. ఓడిన ఒక ఆటను మొదట సొంతంగా, తరువాత యంత్రసహాయంతో పరిశీలించి, రక్షణలేని పావును వదిలామా, ఎదుటివాని బెదిరింపును చూడలేదా, కాలం చాలలేదా, అంత్యదశ తెలియలేదా అని నోటుపుస్తకంలో ఒక్క వాక్యం వ్రాసుకోవాలి. వారానికి ఒకటి రెండు దీర్ఘమైన ఆటలు ఆడాలి. నెల గడిచేసరికి ఏ కారణం తగ్గిందో, ఏది మిగిలిందో ఆ పుటలే చెబుతాయి. మరునెల సాధన ఆ మిగిలినదానితో ప్రారంభించాలి.