డిగ్రీలో చరిత్ర, మానవ జీవశాస్త్రం: రెండూ కలిసే చోట అవకాశాలు

ఇంటర్మీడియట్ తర్వాత ఇంజనీరింగ్‌లోనో మెడిసిన్‌లోనో సీటు రానివారు చేరే చదువులుగా బి.ఏ. చరిత్రనూ మానవ శాస్త్రాన్నీ లెక్కగట్టడం తెలుగు రాష్ట్రాలలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాటు. దీనివల్ల నిజమైన ఆసక్తి ఉన్నవారు ఇంట్లోవారి ఒత్తిడికి తలొగ్గి వేరే దారి పడుతున్నారు. ఆసక్తి లేకుండా చేరినవారు మూడేళ్లూ గైడ్లు బట్టీపట్టి, పట్టా చేతికొచ్చాక ఎటు వెళ్లాలో తోచక ఆగిపోతున్నారు. ఈ రెండు శాస్త్రాలూ విద్యార్థికి ఏం నేర్పుతాయో, ఎక్కడిదాకా తీసుకెళతాయో, ఎక్కడ ఆగిపోతాయో ముందే తెలిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

మానవ జీవశాస్త్రం మనిషిని ఒక జీవిగానూ, సమాజంలో బతికే వ్యక్తిగానూ ఒకేసారి పరిశీలిస్తుంది. విదేశాలలో, ఉదాహరణకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, ఇది ఆ పేరుతోనే డిగ్రీ కోర్సుగా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో దీనికి దగ్గరి చదువును హ్యూమన్ సైన్సెస్ అంటారు. భారతదేశంలో మాత్రం ఇది ప్రధానంగా మానవ శాస్త్రంలో, అంటే ఆంత్రోపాలజీలో, ఒక శాఖగా దొరుకుతుంది. పూర్వం భౌతిక మానవ శాస్త్రం అని పిలిచిన ఈ శాఖ చాలాకాలం పుర్రెలను కొలిచి మనుషులను జాతులుగా విడదీసే పనికే పరిమితమైంది. అమెరికన్ శాస్త్రవేత్త షెర్వుడ్ వాష్‌బర్న్ 1951లో ఆ ధోరణిని ప్రశ్నించి, పరిణామం, జన్యువులు, పరిసరాలకు శరీరం అలవాటు పడే తీరు అనే అంశాల వైపు దృష్టి మళ్లించాలని వాదించిన తర్వాత దీని స్వరూపం మారింది. నేటి పాఠ్యాంశాలలో మానవ పరిణామం, జన్యుశాస్త్రం, పిల్లల ఎదుగుదల, పోషణ, వ్యాధులు, జనాభా మార్పులు ముఖ్యమైనవి. వైద్యుడు ఒక రోగిని పరీక్షిస్తే, ఈ శాస్త్రం చదివినవారు ఒక ఊరినో, ఒక తెగనో, ఒక తరాన్నో పరీక్షిస్తారు.

ప్రయోగశాలలో విద్యార్థి చేసే పని చూస్తే దీని స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. తొడ ఎముకను కొలబద్ద అమర్చిన పలక మీద పెట్టి పొడవు తీసుకుని, సూత్రంలో వేసి, ఆ మనిషి బతికున్నప్పటి ఎత్తును అంచనా కట్టడం మొదట్లోనే నేర్పే అభ్యాసాలలో ఒకటి. అయితే యూరోపియన్ల ఎముకల ఆధారంగా తయారైన సూత్రాన్ని భారతీయుల ఎముకకు యథాతథంగా వర్తింపజేస్తే అంచనా తప్పవచ్చు, ఎందుకంటే ఎత్తుకూ అవయవాల పొడవుకూ ఉండే నిష్పత్తి అన్ని జనసమూహాలలో ఒకేలా ఉండదు. కొలత సరిగ్గా ఉన్నా నిర్ణయం తప్పు కావచ్చునని తెలుసుకోవడమే ఆ అభ్యాసంలోని అసలు పాఠం.

చరిత్ర కూడా ఇలాంటి శిక్షణే ఇస్తుంది. భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీ, ఆయన వద్ద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల కృషితో సేకరించిన గ్రామ కైఫీయత్తులు ఇందుకు మంచి ఉదాహరణ. కైఫీయత్తు అంటే ఊరి పుట్టుక, గుళ్లు, చెరువులు, పాలకులు, మాన్యాల గురించి స్థానికులు చెప్పగా రాసుకున్న వృత్తాంతం. ఫలానా రాజు ఈ చెరువు తవ్వించి భూమి దానమిచ్చాడని అందులో ఉంటే, చరిత్ర విద్యార్థి దాన్ని వెంటనే నమ్మడు, వెంటనే కొట్టిపారేయడు. ఆ మాట చెప్పినవారికి ఆ మాన్యంపై హక్కు నిలబెట్టుకోవలసిన అవసరం ఉందా, దగ్గర్లోని శాసనం ఆ దానాన్ని ధ్రువీకరిస్తోందా, అందులోని సంవత్సరం ఆ రాజు పాలనాకాలానికి సరిపోతోందా అని విచారిస్తాడు. ఆధారాన్ని ఇలా తూచడం అలవాటు కాకుండా రాజుల వరస మాత్రమే అప్పజెప్పగలిగినవారికి ఈ పట్టా పెద్దగా ఉపయోగపడదని చెప్పక తప్పదు.

ఈ రెండు శాస్త్రాలకూ ఒకదాని అవసరం ఇంకొకదానికి ఎంత ఉందో 1921 జనాభా లెక్కలు స్పష్టంగా చూపిస్తాయి. నేటి భారతదేశ సరిహద్దుల మేరకు లెక్కిస్తే 1911లో సుమారు 25.2 కోట్లు ఉన్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. పదేళ్లలో జనాభా తగ్గడం మన జనగణన చరిత్రలో ఆ ఒక్కసారే జరిగింది. ప్రధాన కారణం 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా. దేశంలో దాని మృతులు కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని వేర్వేరు అంచనాలు చెబుతున్నాయి. వ్యాధి బొంబాయి రేవు నుంచి లోపలి జిల్లాలకు ఎలా పాకిందో, ఆ ఏడాది వానలు లేక తిండిగింజల ధరలు ఎలా పెరిగాయో, అధికారులు మరణాలను ఎలా నమోదు చేశారో చరిత్రకారులు చెప్పగలరు. సాధారణ ఫ్లూ ముసలివారినీ పసివారినీ ఎక్కువగా బలిగొంటుండగా, ఇది ఇరవై నుంచి నలభై ఏళ్లవారిని ఎందుకు అంతగా కబళించిందో, భారతదేశంలో పురుషులకంటే స్త్రీలు ఎందుకు ఎక్కువగా చనిపోయారో, మరుసటి ఏడాది జననాలు ఎందుకు పడిపోయాయో వివరించాలంటే మానవ జీవశాస్త్రం కావాలి. పోషణ లోపాన్నీ, ఇంట్లో రోగులకు సేవ చేసే భారం ఎవరిపై పడిందన్నదాన్నీ కలిపి చూడగలిగినవారే దీనికి నమ్మదగిన సమాధానం చెప్పగలరు.

జన్యుశాస్త్రంలోనూ ఇదే పరిస్థితి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికన్ పరిశోధకులతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, భారతదేశంలోని అనేక సమూహాలు చాలాకాలంగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన జాడలు జన్యువులలో నిలిచి ఉన్నాయని చూపింది. ఆ అధ్యయనంలో చేరిన ఆంధ్ర వైశ్యులలో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉండటం వల్ల, శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం మామూలుకంటే చాలా ఎక్కువసేపు ఉండి ఊపిరి తీసుకోవడం కష్టమవుతుందని వైద్యులకు తెలుసు. వివాహ నియమం అనే సామాజిక చరిత్ర ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన సందర్భం ఇది. సికిల్ సెల్ వ్యాధికీ ఇలాంటి నేపథ్యమే ఉంది: మలేరియా ప్రాంతాలలో, తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే ఆ జన్యువు సంక్రమించినవారికి తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ లభించడంతో అది తరతరాలుగా నిలిచిపోయింది. 2047 నాటికి దీన్ని నిర్మూలించే లక్ష్యంతో 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ కార్యక్రమం ప్రధానంగా గిరిజన ప్రాంతాలలోనే సాగుతున్నందున, రక్తపరీక్ష ఫలితాన్ని ఒక గూడెంలో ఎవరికీ అవమానం కలగకుండా వివరించగలిగినవారు దానికి చాలా అవసరం.

చరిత్ర దాదాపు ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనూ ఉంది. తెలంగాణలో దోస్త్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. మానవ శాస్త్రం డిగ్రీ స్థాయిలో అంత సులువుగా దొరకదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంటర్ పూర్తిచేసినవారికి చరిత్రలోనూ ఆంత్రోపాలజీలోనూ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. నిర్వహిస్తోంది, ఇందులో ప్రవేశానికి సీయూఈటీ రాయాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని బీఎస్సీ ఆనర్స్ ఆంత్రోపాలజీ సైన్స్ నేపథ్యం ఉన్నవారి కోసం ఉద్దేశించినది గనుక, అక్కడికి వెళ్లదలచిన బైపీసీ విద్యార్థులు సీయూఈటీలో ఏ సబ్జెక్టులు రాయాలో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. దూరవిద్యలో చదవాలనుకునేవారికి ఇగ్నో రెండు సబ్జెక్టులలోనూ ఆనర్స్ డిగ్రీలు అందిస్తోంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్ర విభాగం ఎంతో కాలంగా ఉంది. డిగ్రీలో చరిత్ర చదివినవారు పీజీలో అటు మళ్లదలచుకుంటే అది పరిశీలించదగినది.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. కేవలం డిగ్రీతో ఈ రంగంలో నేరుగా దొరికే పోస్టులు తక్కువ. బి.ఏ. తర్వాత బీఈడీ చేస్తే డీఎస్సీ ద్వారా సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు కావచ్చు. అంతకు మించి వెళ్లాలంటే సాధారణంగా పీజీ ఉండాలి. పురావస్తు శాఖలో పనిచేయాలనుకునేవారు పుణెలోని డెక్కన్ కళాశాల ఎం.ఏ.నూ, ఆ తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ గ్రేటర్ నోయిడాలో నడిపే సంస్థ డిప్లొమానూ పరిశీలించవచ్చు. శాసనాలపై మక్కువ ఉన్నవారికి మైసూరులోని శాసన విభాగం ఉంది. మానవ శాస్త్రం చదివినవారికి కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా ఉన్న భారత మానవ శాస్త్ర సర్వేక్షణ సహజమైన గమ్యం. జనాభా, ఆరోగ్య గణాంకాల వైపు వెళ్లదలచినవారికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు నోడల్ సంస్థగా ఉన్న ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ తగినది. ఈ దారిలో పని దొరికే అవకాశాలు మెరుగ్గా ఉన్నా తెలుగు విద్యార్థులు దీన్ని తగినంతగా పట్టించుకోవడం లేదు.

సివిల్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్‌కు ఉన్న ఆదరణ చూసి ఈ కోర్సులో చేరేవారు ఎక్కువవుతున్నారు. రాతపరీక్షలో లెక్కకు వచ్చే 1750 మార్కులలో ఆప్షనల్‌కు 500 ఉన్న మాట నిజం, ఆ సిలబస్‌లో జన్యుశాస్త్రం, మానవ పరిణామం ఉన్న మాటా నిజం. అయినా ఒక పరీక్షలో నెగ్గడం కోసమే మూడు నాలుగేళ్ల చదువును ఎంచుకుంటే, ఆ పరీక్ష చేజారినప్పుడు చేతిలో మిగిలే నైపుణ్యమేమిటన్నది చేరే ముందే ఆలోచించాలి.

ఆ నైపుణ్యాన్ని డిగ్రీలో ఉండగానే సంపాదించుకోవచ్చు. చరిత్ర విద్యార్థి ప్రాథమిక గణాంక శాస్త్రాన్ని మైనర్‌గానో విడిగానో నేర్చుకోవాలి. నిజాం కాలపు దస్త్రాలు చూడదలచుకుంటే ఉర్దూ లేదా ఫారసీ లిపి చదవడం అలవరచుకోవాలి. మానవ శాస్త్ర విద్యార్థి క్షేత్రకార్యాన్ని, అంటే ఊళ్లో ఉండి సమాచారం సేకరించే పనిని, హాజరు కోసం చేసే యాత్రలా చూడకూడదు. నూతన విద్యావిధానం కింద నాలుగో ఏడాది ఆనర్స్ చేసి 75 శాతం మార్కులు సాధించినవారికి యూజీసీ నిబంధనల ప్రకారం నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది, కాబట్టి ఆ ఏడాది పరిశోధన వ్యాసానికి అంశాన్ని శ్రద్ధగా ఎంచుకోవాలి. ఉదాహరణకు ఎముకలను వంకర చేసే ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్య పత్రికలో ప్రచురించారు, నల్గొండ జిల్లా గ్రామాలు ఆ తర్వాత దశాబ్దాల పాటు దాని బాధ అనుభవించాయి. ఒక మండలంలో బోరుబావులు ఎప్పుడు వచ్చాయి, రక్షిత నీరు ఎప్పుడు అందింది, ఆ రెండు తేదీల మధ్య పుట్టినవారి ఎదుగుదల ఎలా ఉంది అన్న ప్రశ్నకు పాత దస్త్రాలు, కొలతలు రెండూ కావాలి. దస్త్రాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనశాలనూ, పోషణ సర్వేల నివేదికల కోసం అదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థనూ సంప్రదించవచ్చు. అయితే మనుషుల శరీర కొలతలు తీసుకోవడానికి ముందు కళాశాల నైతిక సంఘం అనుమతీ, కొలతలు ఇచ్చేవారి సమ్మతీ తప్పనిసరి కనుక, ఆ దరఖాస్తును మూడో ఏడాది ముగియకముందే సిద్ధం చేసుకోవాలి.