తిరిగి అనగలిగేవాడితోనే వేళాకోళం

చిరంజీవి అల్లుడికి,



నీ వైజాగ్ హాస్టల్ కబుర్లు ఫోన్లో వింటుంటే సంతోషంగానే ఉంది. ఒక్కటి మాత్రం నచ్చలేదు. మీ గదిలో ఉండే శ్రీకాకుళం కుర్రాడు ఏం మాట్లాడినా అందరూ కలిసి అతని యాసలోనే సాగదీసి అంటున్నారనీ, ఈమధ్య అతను మెస్‌లో వేరే బల్ల దగ్గర కూర్చుంటున్నాడనీ నువ్వే చెప్పావు. పైగా "సరదాకే మామయ్యా" అన్నావు. ఆ సరదా గురించే ఈ ఉత్తరం.

మనది గోదావరి జిల్లా. వెటకారం మన కాలవ నీళ్లలోనే ఉందంటారు. నవ్వడం మానెయ్యమని నేనెందుకు చెబుతాను? కానీ నవ్వుల్లో రకాలున్నాయి. మన పెద్దవాళ్లు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టింది ఊరికే కాదు.

బావామరదళ్ల మధ్య నడిచేవి పరాచికాలు. పెళ్లిలో వియ్యాలవారి మీద పాటలు కడితే అది వేళాకోళం. అటువాళ్లు ఊరుకోరు, బదులు పాట అందుకుంటారు. ఈ రెండింటికీ చనువుండాలి, అనిపించుకున్నవాడికి తిరిగి అనే వీలుండాలి. వెక్కిరింత అలా కాదు. అది ఎదుటివాడి గొంతునో నడకనో లాక్కుని ఆడేది. ఎగతాళికి, గేలికి గుంపు కావాలి. ఒక్కడు మధ్యలో నిలబడతాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. హేళన దాకా వచ్చేసరికి నవ్వు పోయి చులకనే మిగులుతుంది. మీరు చేస్తున్నది ఏ పేరుకు తగునో నువ్వే తేల్చుకో. అతను మన గోదావరి 'ఆయ్'ని పట్టుకుని ఒక్కసారైనా తిరిగి ఏడిపించాడా? లేదంటే అది వేళాకోళం కాదు.

యాస మీద నవ్వడం మీతో మొదలవలేదు. మన సినిమాలు చాలా ఏళ్లపాటు శ్రీకాకుళం యాసనీ, తెలంగాణ యాసనీ హాస్యగాళ్లకూ రౌడీలకూ అంటగట్టాయి. కానీ తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్న 'కన్యాశుల్కం' ఏ భాషలో ఉంది? 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో గురజాడ వాడింది ఆ ప్రాంతం జనం మాట్లాడుకునే భాషే. మీ గదిలో కుర్రాడి మాట దానికి దగ్గరి చుట్టం. గురజాడా నవ్వించాడు, కడుపుబ్బ నవ్వించాడు. ఆ నవ్వు దెబ్బ ఎవరికి తగిలిందో చూడు: చిన్నపిల్లని అమ్మబోయే అగ్నిహోత్రావధానులుకి, ముసలితనంలో కొనబోయే లుబ్ధావధానులుకి, ఇంగ్లీషు ముక్కలతో జనాన్ని బోల్తా కొట్టించే గిరీశానికి. పెత్తనం చేసేవాణ్ణి, వేషాలు వేసేవాణ్ణి ఎత్తిపొడిస్తే దానికి ఓ ప్రయోజనం ఉంది. ఇల్లు విడిచి మొదటిసారి హాస్టల్‌కి వచ్చినవాణ్ణి నలుగురు చేరి నవ్వితే ఏం ప్రయోజనం?

ఇంకో సంగతి. 1997లో వచ్చిన మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం కొట్టడం గురించి మాత్రమే కాదు. తోటి విద్యార్థిని ఏడిపించినా, కించపరిచినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చంటుంది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. 'సరదాకే' అన్న మాట అక్కడ కూడా చెల్లదని తెలియాలని చెబుతున్నాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది పెద్దదేమీ కాదు. అందరి ముందూ క్షమాపణలు చెప్పనక్కర్లేదు, అది అతన్ని మళ్లీ ఇబ్బంది పెడుతుంది. రేపు నీ కంచం పట్టుకెళ్లి అతని బల్ల దగ్గర కూర్చో. మీరేదైనా ఎగతాళి పేరు తగిలించి ఉంటే అది మానేసి, అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలు. మిగతావాళ్లు మొదలుపెడితే నువ్వు నవ్వకు. నవ్వేవాడు ఒక్కడు తగ్గినా గేలి చేసేవాడికి ఊపు తగ్గుతుంది. చనువు కుదిరాక అతనే నిన్ను వెటకారం చేస్తాడు. అప్పుడు నువ్వూ అను, హాయిగా అను.

సంక్రాంతికి అతన్నీ మనింటికి తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య