పొద్దున్నే బైబిలు తెరిచేవారికి

ఆరాధన అయ్యాక కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, రోజూ వాక్యం చదువుతున్నాం గానీ మనసుకు పట్టడం లేదు" అంటుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. ఏడాదిలో బైబిలంతా ముగించాలన్న పంతం కాస్త పక్కన పెట్టండి. 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే గానీ అవదు. జనవరిలో ఆదికాండం హుషారుగా సాగుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి లేవీయకాండంలో బలుల విధుల దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆపైన చదివేదంతా బాకీ తీర్చడానికే. ఆ బాకీ వదిలేసి ఈ రోజు భాగం చదవండి.

2. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దానం కార్డు గోడకు అంటిస్తారు. ఎక్కువ ఇళ్లల్లో నాకు కనిపించేది యిర్మీయా 29:11. మంచిదే, కానీ దాని పై వచనం కూడా చూశారా? డెబ్బయ్యేళ్లు ఆగాలని ఉంది అక్కడ. బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఆ మాట విన్న పెద్దవాళ్లలో ఎంతమంది బతికుండి తిరిగొచ్చి ఉంటారు? ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు చెరలో ఉన్న ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించండి అంటాడు. అధ్యాయమంతా చదివాక కార్డు మీది మాటకు బరువు పెరుగుతుంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి పిల్లల్ని ఫోన్లోనే పెంచుతున్న తల్లులకు ఈ అధ్యాయం నాకన్నా బాగా తెలుసు.

3. ఒళ్లు అలిసిపోయి ఉంటే ముందు పడుకోండి. ఏలీయా చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దూత ఉపదేశమేమీ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. అతను తిని మళ్లీ నిద్రపోయాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాకే హోరేబు ప్రయాణం. నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మను కూడా తెల్లవారుజామున లేవమనే బోధ నాకు రుచించదు.

4. ఏడుపొస్తున్న రోజు స్తుతి కీర్తన వెతుక్కోనక్కర్లేదు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు మాట లేదు. అయినా దాన్ని గ్రంథంలోంచి తీసేయలేదు. చావు జరిగిన ఇంట్లో నేను 23వ కీర్తన కన్నా ముందు దీన్నే చదువుతాను. కొందరికి నచ్చదు. చనిపోయినవాళ్ల భార్యలు మాత్రం తలెత్తి వింటారు.

5. పైకి చదవండి, ఇంట్లోవాళ్లకూ వినపడుతుంది. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి, కానీ భయం లేదు. హెబ్రీ అక్షరమాల వరుసలో ఎనిమిదేసి వచనాలు, 22 భాగాలు. పూటకు ఒక భాగం చాలు. పుస్తకంలోనే చదవండి, ఫోన్ తెరిస్తే ముందు వాట్సాప్ పలకరిస్తుంది.

6. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, చేను కోసినవాళ్ల కూలి బిగబట్టిన ధనవంతుల సంగతి వస్తుంది. అది చదివిన పొద్దున కళ్లు మూసుకుని కూర్చోకండి. పనమ్మాయికి పోయిన నెల ఇవ్వాల్సింది ఎంతో లెక్క చూసి, ఆమె రాగానే చేతిలో పెట్టండి. ప్రార్థన ఆ తరువాత చేసుకోవచ్చు.