ఒడ్డు పనికి పోయే బేల్దార్లకు

దొనకొండ, కురిచేడు, మార్కాపురం నుంచి బేల్దారి పనికి చీరాల, బాపట్ల, కొత్తపట్నం వైపు పోయేవాళ్ళకు ఈ నాలుగు మాటలు. మీ పనితనానికి వంక పెట్టడం లేదు. మన దగ్గర తిరిగిన చెయ్యి అక్కడ రెండు చోట్ల తప్పుతుంది: ఒకటి రేకుల దగ్గర, రెండోది కడ్డీ దగ్గర.

మన ఊళ్ళలో పాతకాలం నుంచీ కప్పంటే బరువే. మట్టి మిద్దె, నాపరాయి, ఎండ ఆగితే చాలు. గాలి తోస్తుందనే మనకు తెలుసు కానీ, లేపుతుందని అంతగా తెలియదు. తుఫాను గాలి కప్పును మీదికి లాగుతుంది. తలుపో కిటికీయో ఊడి గాలి లోపలికి దూరిందంటే కింద నుంచీ ఎత్తుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే, అంటే మీరు పనికి పోయే చోటే.

గాలి భారానికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. కోస్తా ఆంధ్రకు అందులో వేసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లన్నమాట. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 150 కిలోలు. 5 అంగుళాల స్లాబు అదే చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది, కదలదు. అర మిల్లీమీటరు ఇనుప రేకు తూగేది 5 కిలోలు. దాన్ని పట్టి ఉంచేది బోల్టే.

కాబట్టి నాలుగు మేకులు కొట్టి, పైన రాళ్ళు పెట్టి వచ్చేయకండి. గాలి లేచిందంటే ఆ రాళ్ళే పక్కింటి మీద పడతాయి. రేకును పర్లిన్‌కు, పర్లిన్‌ను దూలానికి, దూలాన్ని గోడ మీది కాంక్రీటు బెల్టుకు, బెల్టును పునాదిలోంచి లేచిన కడ్డీలకు కట్టాలి. ఇందులో ఒక్కటి వదులైనా మిగతా బిగింపంతా దండగే. అంచులు, మూలలు, కొప్పు దగ్గర గాలి పట్టు ఎక్కువ, అక్కడ జె బోల్టులు దగ్గర దగ్గరగా పడాలి. వాషర్ లేకుండా బిగిస్తే రేకు చిరిగిపోతుంది, బోల్టు మాత్రం చెక్కుచెదరదు! ఎండకని మనం చూరు బాగా ముందుకు దించుతాం. అక్కడ చూరు ఎంత తగ్గితే అంత మేలు. కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. నాలుగు వైపులా వాలున్న కప్పయితే మరీ మంచిది.

ఇక కడ్డీ. పని ముగించి డబ్బులు తీసుకున్న రోజున ఈ తప్పు కనపడదు. ఉప్పుగాలి కాంక్రీటులోకి మెల్లగా దిగి కడ్డీని తింటుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, స్లాబు పెచ్చులూడుతుంది. ఐఎస్ 456 ప్రకారం ఉప్పు తగలని మామూలు చోట కడ్డీకి కవరు 20 మిల్లీమీటర్లు, కాంక్రీటు ఎం20. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కవరు 45, కాంక్రీటు ఎం30. కడ్డీ కింద కంకర ముక్క పెట్టి లేపే అలవాటుతో ఆ 45 రాదు. సరైన కవర్ బ్లాకులు అడిగి తెప్పించుకోండి.

నీళ్ళు బస్తాకు 22 లీటర్లు దాటకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్ళూ అందులో లెక్కే. మాలు జారడం లేదని ఇంకో బకెట్ పోయాలనిపిస్తుంది. పోయకండి, వైబ్రేటర్ పెట్టించండి. ఒడ్డున బోరు నీళ్ళను నమ్మడానికి లేదు. కడ్డీ ఉన్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదు కాబట్టి పరీక్ష చేయించమని ఇంటాయనకు చెప్పండి. సముద్రపు ఇసుక ముట్టుకోవద్దు. తడపడానికీ మంచినీళ్ళే. పీపీసీ సిమెంటయితే కనీసం 10 రోజులు.

ఇవన్నీ ఖర్చే. దొనకొండ రేటుకు ఒప్పుకుంటే దొనకొండ పనే చేసి రావలసి వస్తుంది. అడుగుకింత అని బేరం తెగకముందే బ్లాకులు, వైబ్రేటర్, బోల్టులు, నీళ్ళ ట్యాంకర్ ఎవరి ఖాతాలోవో కాగితం మీద రాయించుకోండి. స్లాబు పోసేముందు కడ్డీలకు ఫోను కెమెరాతో ఫొటోలు తీసి దాచండి. రేపు మాట వస్తే అవే మీ సాక్ష్యం. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు లేనివాళ్ళు తీసుకోండి. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు ఈ పనిలో ఉంటే చాలు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డున పని దొరికితే ఒక జాగ్రత్త. పైన బెల్టు పడని కొత్త గోడ గాలికి ముందు పడుతుంది. చాలామంది ఆ గోడ పక్కనే రేకుల షెడ్డు వేసుకుని పడుకుంటారు. తుఫాను కబురు రాగానే పరంజా, సెంట్రింగ్ రేకులు దించి కట్టేసి, పిల్లాజెల్లాతో ఊళ్ళోని తుఫాను షెల్టరుకు పొండి. షెల్టరు ఎక్కడుందో పనిలో దిగిన మొదటి రోజే చూసి పెట్టుకోండి.