టెక్సాస్‌లో పొలం కొంటున్నారా? విత్తనం కంటే ముందు పన్ను లెక్క చూసుకోండి

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల పదో ఇరవయ్యో ఎకరాలు కొని ప్రకృతి వ్యవసాయం చేద్దామనుకునే మనవాళ్ళు చాలామంది నన్ను మొదట అడిగేది జీవామృతం గురించి. నేను ముందు పన్ను సంగతి చెబుతాను. వీడియోలో చెప్పినదాన్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అందరూ "అగ్ ఎగ్జెంప్షన్" అంటారు గానీ ఇది మినహాయింపు కాదు. భూమికి మార్కెట్ ధర కాకుండా, సాగు మీద వచ్చే రాబడిని బట్టి విలువ కట్టడం. ఉదాహరణకి మార్కెట్ విలువ 2,00,000 డాలర్లు, సాగు విలువ 2,000, పన్ను 2 శాతం అనుకుందాం. మొదటి లెక్కలో ఏటా 4,000 డాలర్లు కట్టాలి, రెండో లెక్కలో 40 డాలర్లు. తేడా చూశారా!

అర్హత ఎలా?

ప్రధానంగా వ్యవసాయమే జరగాలి. గత 7 ఏళ్ళలో 5 ఏళ్ళు జరిగి ఉండాలి. ఊరి మున్సిపల్ హద్దుల్లో ఉంటే నిబంధన ఇంకా గట్టిది. ఈ ఏళ్ళ లెక్క భూమిది, యజమానిది కాదు. కాబట్టి పాత యజమాని చేసిన సాగు మీకు కలిసొస్తుంది. కానీ చేతులు మారాక మీ పేరు మీద మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. ఏప్రిల్ 30 గడువు. ఆలస్యమైతే కొంతకాలం వరకు తీసుకుంటారు గానీ, ఆదా అయ్యే పన్నులో 10 శాతం జరిమానా పడుతుంది.

సాగు "ఆ ప్రాంతంలో మామూలుగా చేసే స్థాయిలో" ఉండాలి. ఎన్ని ఎకరాలకి ఎన్ని పశువులు అన్నది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది. కొనకముందే అక్కడికెళ్ళి వాళ్ళ మార్గదర్శకాలు తీసుకోండి. చిన్న కమతమైతే తేనెటీగలు మంచి దారి. 5 నుంచి 20 ఎకరాల వరకు చట్టమే ఒప్పుకుంటుంది.

మనకి వచ్చే చిక్కు

మన పొలంలో ఆచ్ఛాదన ఉంటుంది, కలుపు పూర్తిగా పీకం. చూసేవాళ్ళకి వదిలేసిన భూమిలా కనిపిస్తుంది. కవర్ పంటలు వేయడం, పంట మార్పిడి కోసం భూమిని ఖాళీగా ఉంచడం కూడా చట్టం ప్రకారం వ్యవసాయమే. కానీ అది మీరు చూపించగలగాలి. విత్తిన తేదీలు, ఫొటోలు, విత్తనాల రసీదులు, అమ్మకం బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

వన్యప్రాణుల దారి

1995లో రాజ్యాంగ సవరణతో ఇదీ వచ్చింది. భూమికి అప్పటికే సాగు విలువ ఉండాలి. ఆవాసం, నేలకోత నివారణ, వేటజంతువుల అదుపు, నీరు, మేత, గూళ్ళు, లెక్కింపు అనే ఏడింటిలో కనీసం మూడు చేయాలి. అవి స్థానిక జాతుల కోసమే అయి ఉండాలి. ఖాళీగా వదిలేస్తే చాలదు, ప్రణాళిక రాసివ్వాలి. పన్ను మాత్రం సాగు లెక్కలాగే ఉంటుంది.

జాగ్రత్త

రేపు అందులో ప్లాట్లు వేసినా, దుకాణం కట్టినా, మార్చిన భాగానికి గత 3 ఏళ్ళ తేడా కట్టాలి. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. పై ఉదాహరణలో మొత్తం భూమిని మారిస్తే 11,880 డాలర్లు. 2019కి ముందు 5 ఏళ్ళకి వడ్డీతో వసూలు చేసేవారు.

అందుకే బేరం కుదరకముందే మూడు అడగండి: ఇప్పుడు ఏ విలువ ఉంది, ఎన్నేళ్ళుగా ఉంది, ఈ కౌంటీ ఏ సాగుని ఎంత స్థాయిలో ఒప్పుకుంటుంది. జవాబులు కాగితం మీద తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.