చుండ్రు

నీలిరంగు దుస్తుల భుజాల మీద తెల్లని పొట్టు కనబడగానే పక్కన కూర్చున్న పిల్లలు జరిగి కూర్చుంటారు. తల శుభ్రంగా ఉంచుకోనందువల్లనే చుండ్రు పట్టిందంటారు. ఆ మాట సరి కాదు. ఆ పొట్టు మురికి కాదు, తలచర్మమే.

చర్మంలోని అడుగు పొరలో ఎప్పుడూ కొత్త కణాలు పుడుతుంటాయి. అవి మెల్లగా పైకి వచ్చి, చనిపోయి, రాలిపోతాయి. ఇందుకు సుమారు ఒక నెల పడుతుంది. ఆ రాలడం కంటికి కనబడదు. చుండ్రు ఉన్న తలలో ఈ పని తొందర తొందరగా సాగుతుంది. సరిగా ముదరని కణాలు ఒకదానికొకటి అంటుకొని పొలుసులుగా ఊడివస్తాయి.

ఈ తొందరకు ముఖ్య కారణం మలసీజియా అనే శిలీంధ్రం. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ మలసే దీనిని 1874లో వర్ణించాడు. ఇది దాదాపు అందరి తలల మీదా ఉంటుంది. వెంట్రుకల కుదుళ్ళ వద్ద ఊరే జిడ్డే దీని ఆహారం. ఇది జిడ్డును విడగొట్టినప్పుడు ఒలియిక్ ఆమ్లం వెలువడుతుంది. కొందరి చర్మం దానిని ఓర్చుకోలేదు. దురద పుడుతుంది, గోళ్ళతో గీరితే పుండ్లు పడతాయి. పన్నెండు, పదమూడేళ్ళ వయస్సులో జిడ్డు ఎక్కువగా ఊరుతుంది కనుక చుండ్రు కూడా అప్పుడే మొదలవుతుంది. ఇది పేల వలె ఒకరి నుండి మరొకరికి ఎక్కదు.

మాడు ఎండిపోయిందని ఇంట్లో పెద్దలు నూనె పెడతారు. చెన్నైలో శనివారం నువ్వులనూనె తలంటు పాత అలవాటు. అందులో తప్పు లేదు, సీకాయతో జిడ్డు వదిలేదాకా రుద్దుతారు కదా! కాని చుండ్రు తలకు నూనె పట్టించి రోజుల తరబడి వదిలేస్తే ఆ శిలీంధ్రానికి భోజనం వడ్డించినట్లే. నూనెకు పొలుసులు అణగి ఉంటాయి, అంతే. తగ్గాయనుకోవడం భ్రమ.

కీటోకొనజోల్ గాని, సెలీనియం సల్ఫైడ్ గాని ఉన్న షాంపూలు శిలీంధ్రాన్ని అదుపు చేస్తాయి. వాటి నురుగును వెంటనే కడగక, అయిదు నిమిషాలు తలచర్మం మీద ఉంచాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. వాడకం మానితే చుండ్రు తిరిగి రావచ్చు.

వెంట్రుకలు గుండ్రంగా, మచ్చలు మచ్చలుగా ఊడుతుంటే మాత్రం దానిని చుండ్రు అని ఊరుకోరాదు. అది తామర కావచ్చు, తామర అంటుకుంటుంది. అప్పుడు చర్మవైద్యునికి చూపాలి. చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.